లారీకి, గోదాముకు నడుమ అడుగున్నర

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి దిగే కాలంలో ఒక పూట నిలబడితే చాలు, మేము చెప్పబోయేది సగం కండ్ల ముందే జరుగుతుంది. లారీ వచ్చి ఆగుతుంది. వెనక డాలా దింపుతారు. దాని మీదికి ఒక పలక వాలుగా వేస్తారు. కింద ఇద్దరు బస్తాను చెరో కొసా పట్టి లేపి మూడో మనిషి వీపు మీద పెడతారు. తలకు సుట్టబట్ట చుట్టుకున్న ఆ మనిషి నడుం వంచి పలకెక్కి, నెట్టు మీద బస్తా వేసి దిగుతాడు. మళ్ళీ ఎక్కుతాడు. పొద్దుగూకే దాకా ఇదే. ఆసియాలోనే రెండో పెద్ద మార్కెట్ అని ఎనుమాముల గురించి చెప్పుకోవడం వరంగల్‌కు అలవాటు. ఆ పెద్దతనం ఎవరి వెన్నుల మీద నిలబడి ఉందో చెప్పుకునే అలవాటు మాత్రం లేదు.

ఈ పనికే ప్రపంచంలో ఒక యంత్రం ఉంది. డాక్ లెవెలర్ అంటారు. పేరు పెద్దది గాని వస్తువు చిన్నదే. గోదాము అరుగు అంచున ఒక గుంట తీసి, అందులో ఇనుప పలకను వెనకవైపు బందులతో బిగిస్తారు. ముందు అంచుకు నాలుక లాంటి రేకు ఉంటుంది. స్ప్రింగుల బలంతోనో, ఆయిలు పంపుతోనో పలక లేస్తుంది, నాలుక చాచుకుని లారీ నేల మీద వాలుతుంది. నిండు లారీ నేల కుంగి ఉంటుంది. సరుకు దిగేకొద్దీ పైకి లేస్తుంది. ఇనుప పలక కూడా దాని వెంటే లేస్తుంది. అప్పుడు చక్రాల బండి గోదాములోంచి నేరుగా లారీలోకి పోతుంది, వస్తుంది. ఎవరి వీపూ వంగనక్కర లేదు. అమెరికాలో మిల్వాకీ నగరం కంపెనీ ఒకటి 1950లలోనే దీన్ని చేసి అమ్మడం మొదలుపెట్టింది. అంటే డెబ్భై ఏండ్ల కిందటి వస్తువు. ఇందులో రాకెట్ విద్య ఏదీ లేదు.

మన గోదాము అరుగు సుమారు మూడడుగులు. లారీ నేల నాలుగడుగుల పైచిలుకు. నడుమ తేడా అడుగు, అడుగున్నర. ఇంత చిన్న తేడాను పూడ్చడానికి అక్కడ ఇనుప రేకు వేశారు, ఇక్కడ మనిషిని వేశారు. ఎందుకు? పేద దేశం, యంత్రం ఖరీదు, కూలి చవక అని అర్థశాస్త్రం చదివినవాళ్ళు వెంటనే జవాబు చెప్తారు. కూలి ఎందుకు చవక అని అడిగితే మాత్రం జనాభా లెక్క తీస్తారు. జనాభా అన్ని కులాల్లోనూ పెరిగింది గదా! అన్ని కులాల వీపుల మీదికీ బస్తా ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న నుంచే మేము వరంగల్ గోదాముల చరిత్రను చూస్తున్నాము.

లారీ రాకముందు, రైలు రాకముందు కూడా తెలంగాణలో మోత ఉంది. దాని పేరు వెట్టి. ఊరికి వచ్చిన అధికారి సామాను తర్వాతి ఊరి దాకా మోయాలి. దొర ఉత్తరం, ఠాణాకు పోయే కాగితం, గడీకి పోయే సరుకు మోయాలి. ఇందుకు దళిత కుటుంబం నుంచి ఒక మనిషి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఈ వెట్టి రూపాలన్నిటినీ వివరంగా పట్టిక వేశారు. ఏ కులం ఏ వెట్టి చేయాలో కూడా చెప్పారు. అయితే ఆ పట్టికను ఆయన భూస్వామ్య దోపిడీకి సాక్ష్యంగా చదివారు. మేము దాన్ని ఇంకోరకంగా చదువుతాము. చాకలికి, కుమ్మరికి, కమ్మరికి వెట్టి అంటే తమ వృత్తి పనిని ఉత్తగ చేసిపెట్టడం. మాల మాదిగలకు అట్లా కాదు. వాళ్ళకు వెట్టి అంటే మోయడం, పరుగెత్తడం, కావలి ఉండడం. అంటే వాళ్ళ చేతిలో ఉన్న విద్యను గాక ఒంటినే సామానుగా వాడుకున్నారు. చర్మం పదును పెట్టే విద్య, చెప్పు కుట్టే విద్య, నేసే విద్య ఉన్న కులాలను కూడా మోసే బండిగా లెక్కగట్టారు. గోదాముల దగ్గర యంత్రం స్థానంలో మనిషి నిలబడే పద్ధతికి మొదటి పాఠం అక్కడే పడింది.

1889 నాటికి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే సికింద్రాబాదు నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడను కలిపింది. పత్తి, నూనెగింజలు, ధాన్యం ఓరుగల్లు నుంచి బయటి రేవులకు పోయే దారి పడింది. రైల్వే ఇంజనీర్లు గూడ్స్ షెడ్డు కట్టేటప్పుడు ఒక పని జాగ్రత్తగా చేస్తారు. షెడ్డు ప్లాట్‌ఫారాన్ని వ్యాగన్ నేలకు దగ్గరగా వచ్చేటట్టు కొలిచి కడతారు. బ్రాడ్‌గేజి గూడ్స్ ప్లాట్‌ఫారం మీటరుకు కొంచెం పైన ఉండడానికి కారణం అదే. అంటే ఎత్తు తేడా ఒక సమస్య అని, దాన్ని కట్టడంతోనే తీర్చవచ్చు అని వాళ్ళకు మొదటి నుంచీ తెలుసు. తెలిసిన ఆ విద్య రైలు వైపు ఆగిపోయింది. షెడ్డుకు అవతలి వైపు, ఎడ్లబండి నిలబడే చోట, తర్వాత లారీ నిలబడే చోట కొలత ఎవరికీ పట్టలేదు. అటువైపు మనిషి ఉన్నాడు గదా!

రైల్వేలో దళితులకు ఏ పని దొరికింది, ఏది దొరకలేదు అన్న సంగతి అంబేద్కర్ 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన రైల్వే దళిత కార్మికుల సభలో చెప్పారు. అంటరాని కులాల వాళ్ళు బతుకంతా పట్టాల మీద గ్యాంగ్‌మెన్‌గానే ఉండిపోతున్నారనీ, పోర్టరు ఉద్యోగం కూడా వాళ్ళకు రావడం లేదనీ అన్నారు. కారణం ఏమిటంటే, స్టేషన్ మాస్టరు పోర్టరును తన ఇంటి పనికి కూడా వాడుకుంటాడు. ఇంట్లో అడుగుపెట్టలేని మనిషి పోర్టరుగా పనికిరాడు. బట్టల మిల్లుల్లో దారం నోటితో తడిపి అతికే నేత విభాగంలోకి అంటరానివాళ్ళను రానీయకపోవడం గురించి కూడా ఆయన అదే ఉపన్యాసంలో మాట్లాడారు. మన్మాడ్ మనకు దూరం గాదు. నిజాం రాష్ట్రంలోంచి గోదావరి లోయ గుండా పోయే మీటరుగేజి లైను వెళ్ళి కలిసింది అక్కడే.

ఈ మాటలోంచి మాకు ఒక విషయం తోస్తున్నది. అంటరానితనం మోతను కూడా రెండుగా చీల్చింది. ఇంటి లోపలికి పోయే మోత వేరు, ఇంటి బయటనే ఆగే మోత వేరు. గోనెసంచి మూతి కుట్టి ఉన్నంతసేపు ధాన్యాన్ని ఎవరు మోసినా మైల లేదు. మాదిగ మోయవచ్చు, మాల మోయవచ్చు, పేద ముస్లిం మోయవచ్చు. మూతి విప్పి చాటలో పోసిన తర్వాతనే ఆ గింజకు కులం వస్తుంది. ఇంట్లో కడవ ముట్టుకోనియ్యని కులాల తిండి గింజలన్నీ గోదాముల నుంచి మన వీపుల మీదనే వచ్చాయి. గోనెపట్ట అంటును ఆపే గోడగా కూడా పనిచేసింది. జనపనార మిల్లుల చరిత్ర రాసేవాళ్ళు ఈ ఉపయోగాన్ని కూడా ఒక వాక్యంగా చేర్చుకోవచ్చు.

హమాలీ అన్న మాటకు అరబీలో మూలం మోయడమే. ముఠా, జట్టు అనేవి తెలుగు నాట పక్కపక్కనే వాడుకలో ఉన్నాయి. 1930లో, అంటే 1339 ఫస్లీలో, హైదరాబాదు రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. కాంటా ఎట్లుండాలి, అడ్తిదారు ఎంత తీసుకోవాలి, ఏ ఖర్చు ఎవరి మీద పడాలి అన్న లెక్కలు మొదటిసారి కాగితం మీదికి వచ్చాయి. 1966 ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం ఆ లెక్కనే పెంచి లైసెన్సుల కిందికి తెచ్చింది. 1934లో అజంజాహీ మిల్లు వచ్చింది. దాంతో పత్తి మోత, బట్టల బేళ్ళ మోత పట్టణంలో పెద్ద పనైంది. తర్వాత ధాన్యం, మిర్చి, పత్తి వ్యాపారం పెరిగి ఊరు నడుమ ఇరుకైపోయిన మార్కెట్ ఎనుమాములకు కదిలింది. మిల్లు 2002 ప్రాంతంలో మూతపడింది. మార్కెట్ ఉంది.

యార్డులో పనులకు ఒక వరుస ఉంది. గద్దె మీద అడ్తిదారు. పద్దు రాసే గుమాస్తా. కాంటా పట్టే దడవాయి. బస్తా ఎత్తే హమాలీ. అందరికంటే కింద చాటతో రాలిన గింజలూ కాయలూ ఊడ్చి ఎత్తే ఆడమనిషి. ఈ వరుసను కింది నుంచి పైకి చదివితే ఊరి కులాల వరుస గుర్తుకు రాకుండా ఉండదు. నడుమ కొన్ని చోట్ల మారింది గాని రెండు కొసల్లో మారలేదు. చాట పట్టిన ఆడవాళ్ళకు రాలిన గింజలే కూలిలో భాగంగా లెక్కపడిన రోజులు ఉన్నాయి. వాళ్ళు కూడా రోజంతా మోస్తారు. మిర్చి గంపలు మోస్తారు, తాలు కాయల కుప్పలు మోస్తారు. అయినా హమాలీ అన్న పేరు వాళ్ళకు పెట్టరు. పేరు పెడితే రేటు కట్టాలి మరి.

ఇక హమాలీ సామాను. సుట్టబట్ట, పలక, కొక్కెం. మూడే. ఇందులో కొక్కెం కథ చెప్పుకోవాలి. బస్తా చెవి దొరకనప్పుడు పట్టు కోసం హమాలీ చేతిలో ఉండే ఇనుప కొక్కెం ప్రపంచంలోని రేవు కార్మికులందరికీ చుట్టమే. న్యూయార్క్ రేవులోనూ అదే కొక్కెం, లండన్‌లోనూ అదే. ఇప్పుడు బస్తాల మీద, పెట్టెల మీద కొక్కెం బొమ్మ వేసి దాన్ని కొట్టేసిన గుర్తు అచ్చు వేస్తారు. కొక్కెం వాడొద్దని అర్థం. సంచి చిరుగుతుంది, గింజ రాలుతుంది, నిజమే. సంచికి దెబ్బ తగలకుండా ఒక అంతర్జాతీయ గుర్తు తయారైంది. సంచి మోసే మెడకు దెబ్బ తగలకుండా అటువంటి గుర్తు ఏదీ సంచి మీద లేదు. కొక్కెం తీసేసినప్పుడు దాని బదులు చేతికి ఏమిచ్చారు? ఏమీ ఇవ్వలేదు. వేళ్ళనే కొక్కెం చేసుకున్నారు.

మిర్చి మోత వేరే నరకం. ఘాటుకు కండ్లు, ముక్కు, చెమట పట్టిన మెడ మండుతాయి. ఎండలోంచి బస్తా ఎత్తుకుని కోల్డ్ స్టోరేజీ లోపలికి పోయి అంతస్తు మీద అంతస్తు ఎక్కాలి. బయట నలభై డిగ్రీలు, లోపల పదికి లోపు. ఒక్కరోజులో ఆ గడప ఎన్నిసార్లు దాటాలో లెక్క పెట్టేవాళ్ళు లేరు, బస్తాలకు మాత్రం లెక్క ఉంది.

బరువు సంగతికి వద్దాం. చాలా కాలం గోదాముల్లో బస్తా అంటే నూరు కిలోలు, కొంచెం అటూ ఇటూ. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మనిషి మోసే బరువు మీద 127వ ఒడంబడికను, దానితోపాటు 128వ సిఫారసును చేసింది. పెద్ద మగమనిషికి 55 కిలోలు మించకూడదని ఆ సిఫారసు. భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను ఆమోదించలేదు. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 34వ సెక్షన్ హాని కలిగించేంత బరువు మోయించరాదని చెప్పింది. అది ఫ్యాక్టరీ గేటు లోపలి మాట, మార్కెట్ యార్డు ఫ్యాక్టరీ కాదు. 2025 నవంబరులో ఆ చట్టం పోయి వృత్తి భద్రతా కోడ్ దాని స్థానంలోకి వచ్చింది. ఈలోగా బస్తా నెమ్మదిగా తగ్గింది. బియ్యం యాభై కిలోలు, ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో నలభై. మంచిదే. కాని కూలి రేటు క్వింటాలుకు కడతారు గనుక, బస్తా సగమైతే అదే డబ్బుకు నడక రెట్టింపైంది. అందుకే యాభై కిలోల బస్తాలు రెండు ఒకేసారి వేసుకునే మనుషులు కనిపిస్తారు. దాన్ని చూసి వాళ్ళకు బలం ఎక్కువ అనేవాళ్ళూ కనిపిస్తారు. ఎర్రజెండా సంఘాలు హమాలీ రేటు కోసం చేసిన సమ్మెలను మేము తక్కువ చేయం. ఆ సమ్మెలు లేకపోతే ఈ రేటు కూడా లేదు. కాని రేటు నినాదమైనంతగా బరువు నినాదం కాలేదు, అరుగు ఎత్తు అసలే కాలేదు. ఒళ్ళు ఎవరిది అన్న ప్రశ్న వేయకపోతే కూలి ఎంత అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతాము.

రైలు వ్యాగన్ల లెక్క ఒకటి వేసి చూద్దాం. బియ్యం రేకు ఒకటి వస్తే సుమారు 2,600 టన్నులు. యాభై కిలోల చొప్పున 52,000 బస్తాలు. కప్పు వ్యాగన్లను దించడానికి రైల్వే ఇచ్చిన గడువు చాలాకాలం 9 గంటలు. దాటితే డెమరేజీ, గంటకింత అని. రెండు వందల మంది పట్టారనుకుంటే మనిషికి 260 బస్తాలు, అంటే 13 టన్నులు. ఇది దించడం మాత్రమే. లారీకి ఎక్కించడం, మళ్ళీ గోదాము దగ్గర దించడం, బస్తాలనే మెట్లుగా పేర్చుకుని ఇరవై వరుసల నెట్టు కట్టడం వేరే. డెమరేజీ భయం కాంట్రాక్టరుది, పరుగు హమాలీది. వ్యాగన్ ఖాళీగా నిలబడితే దానికి గంట ధర ఉంది. హమాలీ పని కోసం షెడ్డులో రాత్రంతా నిలబడితే దానికి ధర లేదు.

చట్టాల్లో డాక్ అన్న మాటనే చూడండి. 1948లో రేవు కార్మికుల ఉపాధి చట్టం వచ్చింది. రిజిస్టరు, పని లేని రోజుకు హాజరు కూలి, డాక్ లేబర్ బోర్డు అన్నీ దానిలోంచి వచ్చాయి. విశాఖ రేవులో ఓడకు బస్తా ఎత్తే మనిషి డాక్ కార్మికుడయ్యాడు. అదే బస్తాను వరంగల్‌లో లారీకి ఎత్తే మనిషి ఎవరూ కాలేదు. మహారాష్ట్రలో బాబా ఆఢావ్ హమాల్ పంచాయతీ లాంటి ఉద్యమాల ఒత్తిడితో 1969లో మథాడీ చట్టం తెచ్చారు. యజమాని కూలిని బోర్డులో కడతాడు, బోర్డు కార్మికుడికి ఇస్తుంది, భవిష్యనిధీ గ్రాట్యుటీ లెక్కగడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేశారు. అదే ఏడు కేంద్రం వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చేసింది. రెండూ ఎమర్జెన్సీ కాలపు చట్టాలే. మథాడీ బోర్డుల లాంటివి మాత్రం ఇక్కడ నిలబడలేదు. హమాలీలకు సంక్షేమ బోర్డు పెట్టాలని దాదాపు యాభై ఏండ్ల తర్వాత కూడా వరంగల్ వీధుల్లో ధర్నాలు జరుగుతున్నాయంటే, చట్టం పుస్తకంలోనే పడుకుందని అర్థం.

సినిమా వాళ్ళు మాత్రం హమాలీని మరిచిపోలేదు. 1991లో రైల్వే కూలీ, 1993లో కూరగాయల మార్కెట్ ముఠా మేస్త్రి తెర మీద హీరోలయ్యారు. ఎర్రచొక్కా, తలగుడ్డ, పాటలు. ఆ మేస్త్రికి కులం ఉండదు, నడుం నొప్పి ఉండదు.

హమాలీకి డబ్బు వస్తే దేశం ఎట్లా చూస్తుందో కూడా మనకు తెలిసింది. ఫుడ్ కార్పొరేషన్ 1965లో పనిలోకి వచ్చింది. దాని డిపోల్లో శాఖాపరమైన కార్మికులు, నేరుగా కూలి తీసుకునేవాళ్ళు, కాంట్రాక్టు వాళ్ళు అని తరగతులు ఏర్పడ్డాయి. మూడు తరగతులదీ ఒకటే బస్తా. 2014లో శాఖ కార్మికుల్లో కొందరికి ప్రోత్సాహక కూలితో నెలకు నాలుగు లక్షలు దాటిందని బయటపడింది. 2015 జనవరిలో శాంతకుమార్ కమిటీ ఈ పద్ధతి ఆపాలని రాసింది. 2016లో సుప్రీంకోర్టు రాష్ట్రపతి జీతంతో పోల్చి ఆశ్చర్యపోయింది. అందులో అన్యాయం ఉంది. పేరు ఒకడిది, వెన్ను ఇంకొకడిది అన్న పద్ధతి దాని వెనక ఉంది. పట్టికలో పేరున్నవాడు తక్కువ కూలికి ఇంకొకరిని పెట్టి మోయించాడు. కాని దేశాన్ని కలవరపెట్టింది ఆ ఇంకొకరి కూలి కాదు, పట్టికలో వాడి సంపాదన. అదే కమిటీ బస్తాలు తగ్గించి గుట్టగా గింజ నిల్వ చేసే సైలోలు, యంత్రాలు పెంచాలని కూడా చెప్పింది. బస్తా పోతే బస్తా మోసినవాళ్ళకు ఏమి ఇవ్వాలి అన్నది పెద్ద చర్చ కాలేదు.

యంత్రం వద్దు అనే వైపు మేము లేము. ఈ మాట స్పష్టంగా రాస్తున్నాము, ఎందుకంటే మన మిత్రుల్లో కొందరు యంత్రం వస్తే పొట్ట కొడుతుంది గనుక పలకే నయం అంటున్నారు. కులం మన మీద పెట్టిన బరువును ఉపాధి పేరుతో కాపాడుకోవడం మాకు సమ్మతం కాదు. కాని యంత్రం ఎవరి ఖాతాలో వస్తుంది అన్నది తేల్చకుండా ఆహ్వానించడం కూడా సమ్మతం కాదు. 1956లో కంటైనర్ ఓడ వచ్చిన తర్వాత అమెరికా పడమటి తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ నాయకత్వంలోని రేవు సంఘం 1960లో యజమానులతో ఒక ఒప్పందం చేసుకుంది. యంత్రాలు రావచ్చు, బదులుగా ఏటా యాభై లక్షల డాలర్లు కార్మికుల నిధికి కట్టాలి, పాతవాళ్ళ పని తీసేయకూడదు, ముందుగా మానుకునేవాళ్ళకు సొమ్ము ఇవ్వాలి. యంత్రం మిగిల్చిన దానిలో వాటా అడిగారన్నమాట. ఆ ఒప్పందంలో మచ్చ కూడా ఉంది. బి జాబితాలో పెట్టిన కొత్త కార్మికులకు, వాళ్ళలో నల్లవాళ్ళు చాలామంది, ఆ వాటా దక్కలేదు. కాబట్టి వరంగల్‌లో వాటా అడిగే రోజు లైసెన్సు ఉన్న హమాలీ పేరు మాత్రమే రాసుకుంటే చాలదు. లైసెన్సు లేకుండా అతని వెనక మోసేవాడూ, చాట పట్టిన ఆడమనిషీ ఆ కాగితం మీద ఉండాలి. కొత్త గోదాములకు అరుగులు లేస్తున్న కాలం ఇది. అరుగు ఎత్తు ఖాయం చేసేటప్పుడే ఆ కాగితం కూడా రాయాలి. సిమెంటు గట్టిపడిన తర్వాత గుంట తవ్వడం కష్టం.

ఇప్పటిదాకా ప్రభుత్వం దీనికి చెప్పిన జవాబు ఏమిటో 2020లో ఒక రైలు చూపించింది. ఆ ఏడు మే 1న లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కార్మికులను ఎక్కించుకుని దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. యాసంగి ధాన్యం అప్పుడే కుప్పలు పడుతున్నది. రైసుమిల్లుల్లో హమాలీ పని చేసే బీహార్ వాళ్ళు ఊర్లకు పోయి ఉన్నారు. మిల్లుల ముందు లారీలు దిగకుండా నిలిచిపోయాయి. దేశమంతా రైళ్ళు మనుషులను ఇండ్లకు చేరవేస్తున్న ఆ వారంలోనే, బీహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు ఎదురు దిక్కున నడిచింది. మే 8న రెండు వందల పైచిలుకు మంది లింగంపల్లిలో దిగారు. అధికారులు ఎదురెళ్ళి మాస్కులు ఇచ్చారు, పరీక్షలు చేయించి, జిల్లాల్లోని మిల్లులకు బస్సుల్లో పంపించారు.